తొమ్మిదో పోర్టు

మెషిన్ రూములో ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఉనాయిసీ నాలుగు కేబుళ్ళను ఒక్కటిగా దువ్వుతోంది. దువ్వడమే అది. పైనుంచి కిందికి వేళ్ళు జార్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్ది, జానెడు దూరానికో నల్లపట్టీ చుట్టి, పట్టీల అంచులన్నీ ఒకే వైపుకు తిప్పుతుంది. సువా నగరంలోని ఆ టీవీ స్టేషన్ చూడడానికి పెద్దమనుషులెవరైనా వస్తే, మేనేజరు శైలేంద్ర గౌండర్ వాళ్ళను మొట్టమొదట ఈ రాక్ ముందుకే తీసుకొచ్చేవాడు. "చూడండి, జడ అల్లినట్టు లేదూ?" అనేవాడు. ఈ మధ్య అనడం లేదు. ఈ మధ్య వచ్చినవాళ్ళను నేరుగా వినియానా దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

వినియానా ఉనాయిసీకి మేనమామ కూతురు. బ్రిస్బేన్‌లో చదువు ముగించుకుని వచ్చి, వానలు మొదలయ్యాక ఇదే స్టేషన్లో ఇదే పనిలో చేరింది. కేబుళ్ళు గుచ్చే కొత్త స్విచ్ కార్డు వచ్చినప్పుడు గౌండర్ దాన్ని ఇద్దరికీ చెరి సగం పంచాడు. ఎడిటింగ్ బల్లల నుంచి వచ్చే లైన్లు ఉనాయిసీవి. ఆటల ప్రసారం, రీప్లే మెషిన్ల లైన్లు వినియానావి. ఉనాయిసీ తన నాలుగు కేబుళ్ళనూ పై వరస ఎడమ చివర, పక్కపక్కన గుచ్చింది. ఒకటి, మూడు, అయిదు, ఏడు నంబర్ల పోర్టుల్లో. సరి సంఖ్యలు కింది వరసలో ఉంటాయి గనుక పైన అవి నాలుగూ ఇరుగుపొరుగే. నాలుగూ కలిసి ఒకే వంపు తిరిగి ఒకే జడలోకి దిగాయి. వినియానా కేబుళ్ళు మాత్రం తొమ్మిదిలో ఒకటి, ఎక్కడో చివర ఇరవై అయిదులో ఒకటి, కింది వరసలో పదిలో ఇంకొకటి.

"ఏం మరదలా, ఇవి నువ్వే పెట్టావా, మీ ఊరి మేక వచ్చి తొక్కిపోయిందా?" అంది ఉనాయిసీ, తలుపు తోసుకుని వచ్చిన వినియానాను చూసి.

"మేకే వదినా. దానికి బ్రిస్బేన్ సర్టిఫికెట్టు కూడా ఉంది."

"సర్టిఫికెట్టు తినేసి వచ్చినట్టుంది."

తలుపు దగ్గర నిలబడ్డ ఎడిటర్ అపిసాయ్ పగలబడి నవ్వాడు. మేనమరదళ్ళు ఎదురుపడితే ఒక మాట విసురుకోకుండా దాటకూడదు. ఆ స్టేషన్లో అందరికీ వీళ్ళిద్దరి మాటలు మధ్యాహ్నపు టీలో చక్కెరలాంటివి. ఈ మధ్య ఉనాయిసీ విసిరే మాటల్లో చిన్న ముల్లు కూడా ఉంటోందని అపిసాయ్‌కి తెలియదు. ఉనాయిసీకి తెలుసు.

"అక్కా, నవ్వడానికి కాదు వచ్చింది," అన్నాడు అపిసాయ్. "నా బల్ల మళ్ళీ ఆగిపోయింది. తెర మీద పిల్లాడు బంతి పట్టుకుని గాల్లోకి ఎగిరాడు, అక్కడే ఉండిపోయాడు. దిగడు."

"కాసేపు ఆగు, దిగుతాడు."

"పొద్దున్నుంచీ అదే అంటున్నావక్కా. అవతల రీప్లే వాళ్ళకు మాత్రం చిటికేస్తే వస్తోంది."

ఉనాయిసీ చేతిలో పట్టీ ఆగింది. ఆమె లేచి కార్డు దగ్గరికి వెళ్ళి, తొమ్మిదో పోర్టు పక్కన చూసింది. పదకొండు, పదమూడు, పదిహేను. మూడింటిలోనూ కేబుల్ లేదు. మూడింటికీ దీపం లేదు.

"మరదలా, నా వాళ్ళు ఇక్కడ ఊపిరాడక చస్తుంటే, నీ పక్కన మూడు ఖాళీగా పడున్నాయేంటి?"

"ఖాళీ కాదు వదినా, మూతపడ్డాయి. నాలుగు పోర్టులు కలిపి ఒక గుంపు. గుంపు మొత్తానికీ వెనక ఉన్న దారి ఒకటే, పది గిగాది. తొమ్మిదిని డెడికేటెడ్‌లో పెట్టాను. దారంతా దానికే. అలా పెడితే గుంపులో మిగతా మూడూ పనిచేయవు."

"మరి నావి?"

"నీవి షేర్డ్‌లో ఉన్నాయి. నాలుగూ ఒకే గుంపు కదా, ఆ పదినే పంచుకుంటున్నాయి. ప్రతి పోర్టు మీదా పది అనే రాసుంటుంది. అంటే కార్డు చేసినవాడు మొత్తం నలభై ఇస్తానని చెప్పి పదే పెడుతున్నాడు. పదిమందికి వండి నలభైమందిని పిలిచినట్టు. అందరూ ఒకేసారి చాప మీద కూర్చోనంతవరకు ఎవరికీ తెలీదు."

"అంటే నా బల్లలకు గరిటెడు, నీ ఒక్కదానికి కుండ."

"రీప్లే ఆగలేదు వదినా. ఆట నడుస్తుంటే అది అప్పుడే రావాలి. ఎడిటింగ్ కాస్త ఆగొచ్చు." వినియానా గొంతు తగ్గించింది. "నీ నాలుగింటినీ విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో గుంపులో పెడదామా? నేను నావి చెల్లాచెదురుగా పెట్టింది అందుకే. పక్కపక్కనుంటే చూడ్డానికి అందం గానీ..."

"నా జడ విప్పమంటావా?"

"అలా కాదు..."

"ఎడిటింగ్ కాస్త ఆగొచ్చు. అర్థమైందిలే." ఉనాయిసీ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ బిగించింది. మరీ బిగించింది. కేబుల్ నొక్కుకుపోతుందని తనకే అనిపించి, మళ్ళీ వదులు చేసింది.

టీ వేళ గౌండర్ అందరినీ క్యాంటీన్‌లోకి పిలిచాడు. వెన్న రాసిన బన్ను ఒక చేత్తో, కప్పు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడే మాట్లాడాడు. లౌతోకాలో కొత్త స్టేషన్ తయారైంది. దాని మెషిన్ రూముకు ఒక ఇన్‌చార్జి కావాలి. మీ ఇద్దరిలోనే ఒకరు. శనివారం స్కూళ్ళ రగ్బీ ఫైనల్ అయ్యాక పేరు చెప్తాను.

"స్పాన్సర్లు గురువారం రిహార్సల్ చూడడానికే వస్తున్నారు. రీప్లే నూనెలా జారాలి," అన్నాడు. ఆ మాట అంటూ వినియానా వైపు చూశాడు.

తన సొంత మెషిన్ రూము. గోడకు తన పేరు. ఉనాయిసీ ఆ గదిని ఎన్నిసార్లు ఊహించుకుందో. తలుపు తీయగానే ఎదురుగా రాక్‌లు, నేల వరకు జడలు. గౌండర్ చూపు వినియానా మీద ఆగినంతసేపూ ఆమె బన్ను నమల్లేకపోయింది.

*

మర్నాడు స్టేడియంలో కెమెరాల లైన్లు పరిచే పని చూసుకుని, వినియానా సాయంత్రం ఉనాయిసీ వాళ్ళింటికే వచ్చింది. బూట్లకు ఎర్రమన్ను. ఖరీదైన బూట్లు, బ్రిస్బేన్‌లో కొన్నవి. వాటిని గుమ్మం బయట విప్పుతుంటే ఉనాయిసీ తన చెప్పుల్ని కాలితో పక్కకు నెట్టింది.

ఉనాయిసీ తల్లి పేరు తరైవిని. ఆమె కొబ్బరిపాలలో చేప వండింది. చాప మీద అందరూ కూర్చున్నాక గిన్నెలోంచి చేప తలను తీసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వినియానా పళ్ళెంలో పెట్టింది.

"అమ్మా, తల ఎప్పుడూ నాకేగా."

"నువ్వు రోజూ తినేదేగా. అది ఇన్నేళ్ళూ డబ్బాల్లో చేప తిన్నది. మా అన్న కూతురికి ఒక్కపూట పెడితే నీకు కడుపునొప్పా?"

"వదినకిచ్చెయ్ అత్తా," అంది వినియానా పళ్ళెం జరుపుతూ.

"తిను. ఇది చిన్నప్పుడు మీ ఇంట్లో ఎత్తుకొచ్చిన వాటికి ఈ తల ఎంత!" తరైవిని చెయ్యి ఊపుతూ నవ్వింది. "మేనకోడలంటే మేనమామ ఇంట్లో వాసు కదా మరి, అన్నింటి మీదా హక్కే. చెయ్యేస్తే ఎవరు కాదంటారు? చాపలు, దువ్వెనలు, ఆఖరికి నీ తెల్ల కోడిపెట్ట. చంకలో పెట్టుకుని పడవెక్కింది."

"నేను రేవు దాకా ఏడుస్తూ వచ్చాను అత్తా. నాన్న ఒక్కటే అన్నాడు. మేనకోడలు తీసుకుంది, కన్ను తుడుచుకో అని."

అందరూ నవ్వారు. ఉనాయిసీ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆమెకు కోడిపెట్ట గుర్తు రాలేదు. మామయ్య అన్న మాటే మళ్ళీ మళ్ళీ వినిపించింది. మేనకోడలు తీసుకుంది. తీసుకోవచ్చు. మామయ్య ఇంట్లో ఉన్నదేదైనా, మామయ్య కూతురిదేదైనా, ఒక్కమాట అడగకుండా.

*

బుధవారం వినియానా మళ్ళీ స్టేడియంలో ఉంది. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక ఉనాయిసీ మెషిన్ రూములోకి వచ్చి తన ల్యాప్‌టాప్ తెరిచి, తొమ్మిదో పోర్టు వాడకం చూసింది. పొద్దున్నుంచీ అది తన దారిలో మూడో వంతు కూడా వాడలేదు. ఆ గీత చూస్తుంటే ఉనాయిసీకి కోపం కాదు, ఒక రకమైన సంతోషం కలిగింది. తను అనుకున్నది నిజమే. కుండ నిండా పెట్టుకుని కూర్చుంది, తినేది ఇంతే.

ఆమె ఏమీ దొంగలా చేయలేదు. ఎప్పుడూ చేసే పనిలాగే చేసింది. తొమ్మిదో పోర్టున్న గుంపును క్షణంసేపు మూసి, డెడికేటెడ్ తీసేసి షేర్డ్‌లో పెట్టి, మళ్ళీ తెరిచింది. చీకటిగా ఉన్న మూడు పోర్టులూ మేలుకున్నాయి. ఏడులోంచి అపిసాయ్ బల్ల కేబుల్‌ను లాగి పదకొండులో గుచ్చింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. కేబుల్ వేలాడుతుంటే చూడలేక, దానికి వంపు తీర్చి, పట్టీ చుట్టి, అంచు ఎప్పటిలాగే ఎడమవైపుకు తిప్పింది.

టీ వేళకు అపిసాయ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, పిల్లాడు దిగాడు! దిగి, బంతితో గీత దాటి ట్రై కూడా కొట్టాడు! ఏం చేశావు?"

"నీకెందుకు? దిగాడుగా."

"నువ్వు లౌతోకా వెళ్తే మా గతేంటక్కా?" అన్నాడు అపిసాయ్. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో ఆ మాటను ఉనాయిసీ చప్పరిస్తూ కూర్చుంది.

*

గురువారం రిహార్సల్. కంట్రోల్ రూములో స్పాన్సర్లు పూల చొక్కాలతో వెనక కుర్చీల్లో కూర్చున్నారు. స్టేడియం నుంచి కెమెరాలన్నీ తెరిచారు. రెండు స్కూళ్ళ పిల్లలు ఊరికే ఆడుతున్నారు. రీప్లే బల్ల దగ్గర వినియానా నిలబడింది. ఉనాయిసీ తలుపు పక్కన గోడకు ఆనుకుంది.

మొదటి రెండు రీప్లేలు బాగా వచ్చాయి. గౌండర్ స్పాన్సర్ల వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. మూడోది అడిగినప్పుడు మైదానంలో కెమెరాలన్నీ ఒకేసారి తమ బొమ్మలు పంపుతున్నాయి. అదే సమయానికి అవతల అపిసాయ్ పొద్దుటి ఆటనంతా తన బల్లకు దించుకుంటున్నాడు. తెర మీద పిల్లాడు పరిగెత్తి, ఆగి, ముక్కలై, ముక్కలు ముక్కలుగా ఇంకో చోట తేలాడు. మళ్ళీ అడిగారు. ఈసారి తెర నల్లబడింది.

స్పాన్సర్లలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"వినియానా?" అన్నాడు గౌండర్.

"చూస్తాను సార్."

"ఇప్పుడు చూడడమేంటి? వారం రోజులుగా చూస్తున్నది ఏంటి?" గౌండర్ గొంతు పెంచే మనిషి కాదు. పెంచలేదు కూడా. అందుకే గదిలో అందరికీ వినిపించింది.

వినియానా మెషిన్ రూముకు నడిచింది. ఉనాయిసీ ఆమె వెనకే వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. ల్యాప్‌టాప్ తెరవాల్సిన పని కూడా లేకపోయింది. పదకొండులో దీపం వెలుగుతోంది. దానిలోంచి వచ్చిన కేబుల్ చక్కటి వంపు తిరిగి, నల్లపట్టీతో, పట్టీ అంచు ఎడమవైపుకు తిరిగి ఉంది. స్టేషన్ మొత్తం మీద అలా పట్టీ చుట్టే చెయ్యి ఒక్కటే.

వినియానా ఆ పట్టీని వేలితో ముట్టుకుంది. ఉనాయిసీ తిట్టు కోసం ఎదురుచూసింది. జవాబులు కూడా సిద్ధంగా ఉన్నాయి. నువ్వు వాడనిదే తీసుకున్నాను. మా మామయ్య ఇంట్లోదే తీసుకున్నాను.

వినియానా కేబుల్‌ను పదకొండులోంచి తీసింది. తొమ్మిదిని తిరిగి డెడికేటెడ్‌లో పెట్టింది. చేతిలో మిగిలిన అపిసాయ్ కేబుల్‌ను మళ్ళీ ఏడులో కూడా పెట్టలేదు. ఎవరూ వాడని గుంపు ఒకటి వెతికి, పదిహేడులో గుచ్చింది. అంత తొందరలోనూ అపిసాయ్ బల్లకు మంచి చోటు చూసింది. అది చూసి ఉనాయిసీకి ఒళ్ళు మండింది.

గౌండర్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది?"

"మోడ్ మార్చి మర్చిపోయాను సార్," అంది వినియానా. "నాదే."

గౌండర్ ఆమె వైపు చూసి, ఉనాయిసీ వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "బ్రిస్బేన్లో మర్చిపోవడం కూడా నేర్పుతారా?" అని వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం ఉనాయిసీ పొద్దున్నే మెషిన్ రూములో కాచుకుని కూర్చుంది. వినియానా రాగానే, "మరదలా, మేక ఇవాళ మేతకు ఆలస్యమైందే?" అంది.

"బస్సు దొరకలేదు," అంది వినియానా.

అంతే. మాటకు మాట రాలేదు. ఉనాయిసీ ఇంకొకటి విసిరింది. బూట్ల మీద. ఇంకొకటి, స్పాన్సరు పూల చొక్కా మీద. వినియానా అన్నింటికీ అడిగినంతే చెప్పింది, మర్యాదగా, బయటి మనిషికి చెప్పినట్టు. తిట్టినా బాగుండేది. మేనమరదలు వెటకారం మానేసిందంటే, చుట్టరికాన్ని గోడకు తగిలించేసిందన్నమాట. అపిసాయ్ కూడా గమనించాడు. "ఏంటక్కా, చక్కెర అయిపోయిందా?" అన్నాడు. ఉనాయిసీ వాణ్ణి కసిరింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ఆమె తన జడ విప్పింది. పట్టీలన్నీ ఒలిచి, మిగతా మూడు కేబుళ్ళను మూడు గుంపుల్లోకి విడదీసింది. రాక్ కోడి కెలికిన పెరడులా తయారైంది. ఎడిటింగ్ బల్లలు నాలుగూ ఆగకుండా నడిచాయి. తన ఎడిటర్లు థాంక్స్ చెప్పడానికి వస్తే, ఆమె నేల మీద పడ్డ పట్టీలు ఏరుకుంటూ తల ఎత్తలేదు.

శనివారం ఫైనల్ నడిచింది. రీప్లే ఒక్కసారి కూడా తడబడలేదు. కానీ పేపర్లో పడ్డది గురువారం తెర నల్లబడిన సంగతే. స్పాన్సర్లలో ఒకాయన ఎవరితోనో అన్నాడట.

సోమవారం టీ వేళ గౌండర్ కప్పు బల్ల మీద పెట్టి, "లౌతోకాకి ఉనాయిసీ," అన్నాడు. "మనకు అక్కడ తెలివి కన్నా ముందు నమ్మకం కావాలి." చప్పట్లు కొట్టారు. అపిసాయ్ ఈలేశాడు. వినియానా కూడా చప్పట్లు కొట్టింది, అందరికన్నా ముందు మొదలుపెట్టింది.

నమ్మకం. ఆ మాట తనకు చెందదని ఉనాయిసీకి తెలుసు. ఆమె కప్పు పెట్టేసి, గౌండర్ వెనకే నడిచింది. "సార్, ఒక మాట చెప్పాలి."

"గదికి రా," అంటూ ఆయన ముందు వెళ్ళిపోయాడు.

వరండా మలుపులో, మంచినీళ్ళ మెషిన్ దగ్గర, వినియానా అడ్డంగా నిలబడి ఉంది.

"వదినా, ఒకటి అడుగుతాను," అంది. తల కొంచెం వంచి, చేతులు ముందు కలిపి నిలబడింది. ఊరికే అడిగేవాళ్ళు అలా నిలబడరు. అది కెరెకెరె. చుట్టం అలా నోరు తెరిచి అడిగాక కాదనడం ఉండదు. ఇల్లు అడిగినా, పడవ అడిగినా.

లౌతోకా అడుగుతుంది, అనుకుంది ఉనాయిసీ. అడగనీ. అడిగితే ఇచ్చేస్తాను. గదిలోకెళ్ళి అంతా చెప్పేసి, ఇచ్చేసి వస్తాను.

"అడుగు."

"సార్‌కి చెప్పకు."

ఉనాయిసీ గౌండర్ గది తలుపు వైపు చూసింది.

"నువ్వు చెప్తే సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది," అంది వినియానా. "అప్పుడు అత్త ఊరుకోదు. తప్పు కాయమని ఇచ్చే తిమింగలం పన్ను పట్టుకుని మా నాన్న దగ్గరికి వస్తుంది. సొంత అన్న గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడుగుతుంది. ఆ వయసులో. నేను చూడలేను."

"మేనకోడలు తీసుకున్నదానికి పన్నెందుకు?"

"ఇంట్లో వస్తువుకైతే అక్కర్లేదు. ఇది పదిమంది ముందు జరిగింది వదినా."

"నీకు లౌతోకా వద్దా?"

వినియానా మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "కావాలి. అన్నం తింటున్నా అదే గుర్తొస్తోంది. కానీ నేను అడిగింది అది కాదు."

నీళ్ళ మెషిన్‌లో బుడగ లేచి పగిలింది. ఉనాయిసీకి ఎన్నో మాటలు అనాలనిపించింది. ఏదో ఒకదాంట్లో అయినా నన్ను నీ కన్నా ఎక్కువగా ఉండనివ్వవా అని, చివరికి తప్పు ఒప్పుకునే అవకాశం కూడా నువ్వే తీసేసుకుంటావా అని. అడిగింది ఇవ్వాలి గనుక, తల ఊపింది.

గౌండర్ గది తలుపు తీసి తొంగి చూశాడు. "ఏంటి ఉనాయిసీ, ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదు సార్. లౌతోకాలో కార్డు వస్తే, కేబుళ్ళు ఒక్కో గుంపుకు ఒకటి చొప్పున విడివిడిగా పెట్టించాలి. ముందే చెప్దామని."

"చూశావా," అన్నాడు గౌండర్ వినియానాతో. "ఇలా ఉండాలి. నేర్చుకో."

"నేర్చుకుంటున్నాను సార్," అంది వినియానా. అని, క్యాంటీన్ వైపు తిరిగి, ఇంకా అక్కడే ఉన్న వాళ్ళందరికీ వినిపించేలా గొంతెత్తింది. "లౌతోకాలో పొద్దున్నే చెరకు రైలు కూత పెడుతుంది వదినా! నీ గురక విని అది భయపడి పట్టాలు తప్పుతుందేమో!"

క్యాంటీన్ గొల్లుమంది. అపిసాయ్ బల్ల చరిచాడు. అందరూ ఉనాయిసీ వైపు తిరిగారు, జవాబు కోసం.

"పట్టాలు తప్పితే నీ మేకను పంపు మరదలా, లాగడానికి," అంది ఉనాయిసీ.

మళ్ళీ నవ్వారు. ఉనాయిసీ కూడా నవ్వింది. నవ్వక తప్పదు, వినియానా అడిగినదాంట్లో అది కూడా ఉంది.